పొగబండి ఎక్కాలా, చూడాలా? హైదరాబాద్ నుంచి బయల్దేరేవాళ్ల కోసం

మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాడు. "ఇంకొక్కసారి బొగ్గింజన్ బండెక్కాలని ఉంది బిడ్డా" అని ఆయన అన్నప్పుడు అది అరగంటలో తేలిపోయే పని అనుకున్నాను. ఫోన్ తీసి, ఊటీ టాయ్ ట్రైన్‌లో ఖాళీ ఏ రోజు ఉందో చూసి, దొరికిన టికెట్లు పట్టేశాను. కూనూరు నుంచి ఊటీకి. తీరా ఆ రోజు నాన్న కూనూరు ప్లాట్‌ఫారం మీద ఇంజన్ దాకా నడిచి వెళ్లి, చుట్టూ ఒకసారి చూసి, చేతులు వెనక్కి కట్టుకుని తిరిగొచ్చాడు.

"ఏంది బిడ్డా, గిది డీజిల్‌ది గదా!"

నీలగిరి కొండ రైలుకి ఆవిరి ఇంజన్ ఉండేది మేట్టుపాళయం, కూనూరుల మధ్యే. కూనూరు నుంచి పైకి డీజిల్ లాగుతుంది. నేను కొన్నది సరిగ్గా ఆ డీజిల్ ముక్క. తప్పు పూర్తిగా నాదే. చూడకుండా కొన్నాను. ఆ తర్వాత నాన్నతో కొన్నిసార్లు, ఒక్కణ్నే కొన్నిసార్లు తిరిగాను. ఇప్పుడు మా కాలనీలో పొగబండి మాట ఎవరెత్తినా నా దగ్గరికే పంపిస్తున్నారు. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇవి తేల్చుకోండి

అన్నిటికంటే ముందు, మీకు కావలసింది ఎక్కడమా, చూడటమా? ఈ రెండూ ఒకటి కాదు. పెట్టెలో కూర్చున్నవాడికి ఇంజన్ కనపడదు. మలుపు తిరిగినప్పుడు కిటికీలోంచి మెడ చాపితే ఓ క్షణం పొగ, ఓ క్షణం చక్రాలు, అంతే. ఇంజన్ మొత్తాన్ని, అది ఊపిరి తీసుకునే తీరుతో సహా చూడాలంటే నేల మీద నిలబడాలి. మన చిన్నప్పటి జ్ఞాపకాలు కూడా ఇలాగే రెండు రకాలు. కొందరికి గేటు దగ్గర చెవులు మూసుకుని నిలబడ్డది గుర్తు. కొందరికి సెలవుల్లో కిటికీ సీటు కోసం కొట్లాడింది గుర్తు. మీది ఏదో మీకే తెలియాలి.

రెండోది బొగ్గా, నూనెనా అన్నది. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఆవిరి ఇంజన్ అంటే బొగ్గే కానక్కర్లేదు. నూనె మండించి నీళ్లు కాచినా ఆవిరి ఆవిరే, శబ్దం శబ్దమే. కాని వాసన వేరు. బొగ్గు నలుసు కంట్లో పడితే అమ్మ కొంగు కొసని ముద్దచేసి, నోటి ఆవిరితో వెచ్చబెట్టి కంటికి అద్దడం, దిగాక రుమాలుతో ముక్కు తుడుచుకుంటే మసి రావడం, తెల్ల చొక్కాకి నిప్పురవ్వ చేసిన చిల్లు... మీ జ్ఞాపకంలో ఉన్నవి ఇవైతే నూనె ఇంజన్ మీకు సగమే ఇస్తుంది.

మూడోది, అది నిజంగా ఆవిరి ఇంజనేనా? 'హెరిటేజ్' అన్న మాట ఉన్నంత మాత్రాన ఆవిరి ఉన్నట్టు కాదు. గుజరాత్‌లో ఏకతా నగర్, అహ్మదాబాద్ మధ్య 2023లో మొదలైన హెరిటేజ్ రైలు చూడటానికి ఆవిరి బండే. లోపలున్నది కరెంటు ఇంజన్. అందంగానే ఉంటుంది, కాదనను. కాని లాలాగూడ ఫిట్టర్‌ని అక్కడికి తీసుకెళ్లి మాట పడటం నాకిష్టం లేదు.

ఇక డబ్బు, రోజులు, మోకాళ్లు. ఇవి ఎవరివి వాళ్లకి తెలిసినవే.

ఒక్క చూపులో

| ఎక్కడ | ఆవిరి | ఎక్కొచ్చా | హైదరాబాద్ నుంచి | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| నీలగిరి (మేట్టుపాళయం–కూనూరు) | ఉంది, ఎక్కువగా నూనెతో | ఎక్కొచ్చు | కోయంబత్తూరు దాకా రైలు | ఒక్కసారే వెళ్లగలిగేవాళ్లకి |
| డార్జిలింగ్ | ఉంది, బొగ్గుతో | జాయ్ రైడ్ | బాగ్‌డోగ్రా విమానం లేదా దాదాపు రెండు రోజుల రైలు | బొగ్గు వాసన కావాలనేవాళ్లకి |
| రేవాడీ షెడ్ (హర్యానా) | ఉంది | ప్రత్యేక రోజుల్లోనే | ఢిల్లీ మీదుగా | ఇంజన్ పిచ్చి ఉన్నవాళ్లకి |
| మైసూరు రైలు మ్యూజియం | నిలబెట్టినవి | టాయ్ ట్రైన్ మాత్రమే | కాచిగూడ నుంచి రాత్రి రైలు | పిల్లలున్నవాళ్లకి |
| పాతాళ్‌పానీ–కాలాకుండ్ (మధ్యప్రదేశ్) | లేదు, డీజిల్ | ఎక్కొచ్చు | ఇండోర్ మీదుగా | కాచిగూడలో పాత మీటర్‌గేజ్ (సన్న పట్టాల) బండి ఎక్కినవాళ్లకి |

నీలగిరి: చెవులకి పండగ

ఒక్కసారే వెళ్లగలం, ఒక్కటే చెప్పు అంటే నేను చెప్పేది ఇదే. మేట్టుపాళయంలో ఉదయం 7 దాటగానే బయల్దేరి, పదిన్నర ప్రాంతంలో కూనూరు చేరుతుంది. ఊటీ దాకా మొత్తం 46 కిలోమీటర్లు. కూనూరు దాకా లైను 1899లో వచ్చింది, ఊటీ దాకా 1908లో. యునెస్కో వారసత్వ జాబితాలోకి 2005లో ఎక్కింది.

ఇంజన్ ముందు ఉండదు, వెనక ఉంటుంది. కొండెక్కేటప్పుడు పెట్టెల్ని వెనక నుంచి తోస్తుంది. అందుకని ముందు పెట్టెలో కూర్చుంటే కొండ మొత్తం మీ కళ్ల ముందే పరుచుకుంటుంది, ఇంజన్ మాత్రం చాలా దూరం. వెనక పెట్టె అయితే ఇంజన్ మీ వీపు వెనకే రొప్పుతుంటుంది. టూరిస్టులందరూ ముందు పెట్టె కోసం ఎగబడతారు. పొగబండి కోసం వచ్చినవాళ్లకి వెనక పెట్టే మేలు. పెట్టె పెట్టెకీ బయట చిన్న అరుగు మీద బ్రేక్‌మన్ నిలబడి జెండా ఊపుతుంటాడు. మా నాన్న దారి పొడుగునా ఆయనతోనే మాట్లాడాడు. ఈయనకి తమిళం రాదు, ఆయనకి తెలుగు రాదు. 'వాక్యూమ్', 'బ్రేక్ బ్లాక్', 'ఆయిల్' అన్న మాటలతోనే ఇద్దరికీ సరిపోయింది.

అసలు కథ కల్లార్ దాటాక. అక్కడి నుంచి కూనూరు దాకా పట్టాల మధ్యలో రంపంలా పళ్లున్న ఇంకో పట్టా ఉంటుంది. పన్నెండున్నర మీటర్లు ముందుకెళ్తే ఒక మీటరు పైకెక్కేంత నిటారు దారి అది. మామూలు చక్రాలైతే జారిపోతాయి. ఇంజన్ కింద ఉన్న పళ్ల చక్రం ఆ పట్టాని కరుచుకుంటూ ఎక్కుతుంది. ఈ ఇంజన్లకి నాలుగు సిలిండర్లు. రెండు మామూలు చక్రాలకి, రెండు పళ్ల చక్రానికి. మైదానంలో మొదటి రెండే పనిచేస్తాయి. పళ్ల పట్టా రాగానే, ఆ రెండూ వాడి వదిలిన ఆవిరితోనే మిగతా రెండూ కదులుతాయి. చెవి పెడితే తేడా తెలుస్తుంది. అప్పటిదాకా 'చుక్ చుక్' అని తేలిగ్గా పోతున్న బండి ఒక్కసారిగా గొంతు మార్చుకుని, బరువు మోస్తున్న మనిషిలా ఆయాసపడుతుంది. నాన్న కళ్లు మూసుకుని విన్నాడు. నేను ఫోన్‌లో రికార్డు చేశాను. ఇంటికొచ్చి వింటే గాలి హోరు తప్ప ఏమీ లేదు.

హిల్‌గ్రోవ్‌లో నీళ్లు పట్టుకోవడానికి ఆగుతుంది. దిగి ఇంజన్ దగ్గరికి వెళ్లడానికి అదే సమయం. చేతిలో తినేదేదీ పెట్టుకోకండి, అక్కడి కోతులు మనకంటే తెలివైనవి.

లోటు ఏంటంటే, ఇంజన్లలో ఎక్కువ నూనెతో నడిచేవే. "శబ్దం మనదే, వాసనే పరాయిది" అన్నాడు నాన్న. దీనికి తోడు టికెట్ల కష్టం ఉండనే ఉంది. ఎండాకాలం సెలవుల్లో దొరకడం గగనం. రిజర్వేషన్‌లో మేట్టుపాళయం కోడ్ ఎంటీపీ, ఊటీది యూఏఎం. 'నుంచి' అన్న చోట ఎంటీపీ ఉందో లేదో నాలా కాకుండా రెండుసార్లు చూసుకోండి. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, కొండచరియలు విరిగిపడి రోజుల తరబడి బండి రద్దవుతుంటుంది. ఫిబ్రవరి నా ఓటు. సంక్రాంతికి కూడా వాతావరణం బాగుంటుంది కాని ఆ వారం తమిళనాడు మొత్తం ఊటీలోనే ఉంటుంది.

వెళ్లడానికి రెండు దారులు. శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కోయంబత్తూరులో దిగడం ఒకటి. అక్కడి నుంచి మేట్టుపాళయం దగ్గరే, ఆ రాత్రి అక్కడే పడుకుని పొద్దున్నే స్టేషన్‌కి వెళ్లొచ్చు. చెన్నై వెళ్లి రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ పట్టుకోవడం రెండోది. అది తెల్లవారుజామున మేట్టుపాళయంలోనే దింపుతుంది. పెద్దవాళ్లతో అయితే మొదటిదే మంచిది, ఒక రాత్రి నడుము వాలుతుంది.

టికెట్ దొరకనివాళ్లు బాధపడక్కర్లేదు. పది గంటలకల్లా కూనూరు స్టేషన్‌లో ఉండండి. పక్కనే లోకో షెడ్. బండి రావడం, ఆవిరి ఇంజన్ విడిపోవడం, డీజిల్ తగలడం అన్నీ కళ్ల ముందే జరుగుతాయి. చూడటమే కావాలనుకునేవాళ్లకి ఎక్కడం కన్నా ఇదే బాగుంటుందని నా ఉద్దేశం.

ఊటీ నుంచి మధ్యాహ్నం రెండింటికి దిగే బండి సంగతి కూడా అడుగుతుంటారు. టికెట్ కొంచెం తేలిగ్గా దొరికినా, నేను మాత్రం ఎక్కేదాన్నే ఎంచుకోమంటాను. దిగేటప్పుడు ఇంజన్‌కి కష్టం లేదు. కష్టం లేకపోతే ఆ శబ్దమూ లేదు.

డార్జిలింగ్: బొగ్గు కావాలంటే

ఇక్కడ ఇంజన్ మన ఎత్తుకి రెండింతలు కూడా ఉండదు. పట్టాల మధ్య దూరం రెండడుగులు. 1881లో వేసిన లైను, మన దేశంలో యునెస్కో గుర్తింపు వచ్చిన మొదటి రైల్వే ఇదే, 1999లో. ఈ బుల్లి ఇంజన్లు 1889 నుంచి 1925 లోపు తయారైన రకం. చిన్నవైనా గొంతు పెద్దది. ఇంజన్ ముందు ఇద్దరు కూర్చుని పట్టాల మీద ఇసుక చల్లుతుంటారు, చక్రం జారకుండా. ఇంకొకడు బొగ్గు గడ్డల్ని సుత్తితో పగలగొడుతుంటాడు. అంతా చేత్తోనే.

మొత్తం దారి న్యూ జల్పాయ్‌గురి నుంచి 88 కిలోమీటర్లు. రోజంతా పట్టే ఆ ప్రయాణం మనకక్కర్లేదు, పైగా అందులో ఎక్కువ డీజిలే. మనకి కావలసింది డార్జిలింగ్ నుంచి ఘూమ్ వెళ్లి వచ్చే రెండు గంటల జాయ్ రైడ్. ఇందులోనూ ఆవిరి, డీజిల్ వేర్వేరుగా ఉన్నాయి. బుక్ చేసేటప్పుడు ఏదో చూసి నొక్కండి. ఆవిరిదైతే మనిషికి వెయ్యి దాటుతుంది. నీలగిరి సెకండ్ క్లాస్ టికెట్ అందులో సగం కూడా ఉండదు.

బతాసియా లూప్ దగ్గర బండి తన తోకని తానే చూసుకుంటూ గుండ్రంగా తిరుగుతుంది. ఎక్కినవాళ్లకి కూడా ఇంజన్ బాగా కనపడే చోటు ఇది. మంచు పడకపోతే వెనకాల కాంచన్‌జంగ. ఘూమ్ స్టేషన్ 2,258 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ చిన్న మ్యూజియం కూడా.

నాకు మాత్రం బండి ఎక్కినదాని కన్నా కింద నిలబడి చూసిందే ఎక్కువ గుర్తుంది. బండి రోడ్డు వెంబడే, దుకాణాల ముందు నుంచి పోతుంది. కూరగాయల బండి వాడు తట్ట పక్కకి లాగుతాడు, ఇంజన్ వెళ్తుంది, వాడు తట్ట మళ్లీ యథాస్థానంలో పెడతాడు. వెనకాలే పొగ వచ్చి అందర్నీ కమ్మేస్తుంది. ఆ పొగలో నిలబడ్డప్పుడు నా వయసు ఏడేళ్లు. స్టేషన్ ఎదురుగా రోడ్డుకి అవతల షెడ్ ఉంది. పొద్దున్నే వెళ్తే ఇంజన్లకి నిప్పు వేయడం చూడొచ్చు.

కాని పెద్దవాళ్లని తీసుకెళ్లేముందు ఆలోచించండి. ఎత్తు, చలి, ఎక్కిదిగే వీధులు. బాగ్‌డోగ్రా నుంచి కారులో మూడు గంటల పైనే మెలికల దారి. మా నాన్నని నేను తీసుకెళ్లలేదు, ఆయాసం ఉంది కనక. దసరా సెలవుల్లో ఆకాశం బాగుంటుంది కాని పూజ సెలవులకి బెంగాలీలు కూడా అక్కడికే వస్తారు. నవంబర్ మంచిది. వానాకాలం అసలు వద్దు.

రేవాడీ: ఇంజన్ కోసమే ఇంజన్

ఢిల్లీకి 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ షెడ్ 1893 నాటిది. అక్కడున్నవి మనం సికింద్రాబాద్‌లో చూసినలాంటి పెద్ద బ్రాడ్‌గేజ్ ఇంజన్లు. డబ్ల్యూపీ రకం, ముక్కు కోసుగా ఉండి మధ్యలో నక్షత్రం ఉండేది, గుర్తుందా? ఆ రకంలో 'అక్బర్' అనే ఇంజన్ ఇక్కడే ఉంది. బుల్లి కొండ రైలుకీ దీనికీ పోలికే లేదు. దీని చక్రం పక్కన నిలబడితే మనమే బుల్లివాళ్లం. నీలగిరి, డార్జిలింగ్ మన జ్ఞాపకాలకి దగ్గరి చుట్టాలు, రేవాడీ సొంత మేనమామ.

చిక్కు ఏంటంటే, ఇక్కడ బండి నడిచేది ప్రత్యేక రోజుల్లోనే. నమ్ముకుని టికెట్లు బుక్ చేసుకోలేం. మామూలు రోజుల్లో ఇంజన్లు చల్లారి ఉంటాయి. అందుకని దీని కోసమే హైదరాబాద్ నుంచి బయల్దేరమని నేను చెప్పను. ఢిల్లీలో పెళ్లో, ఆఫీసు పనో ఉంటే ఒకరోజు కలుపుకోండి. చాణక్యపురిలోని నేషనల్ రైల్ మ్యూజియం కూడా అదే ట్రిప్‌లో అయిపోతుంది. సోమవారం మాత్రం దానికి సెలవు.

పిల్లలతో అయితే మైసూరు

ఆరేళ్లవాడికి నాలుగు గంటల కొండ ప్రయాణం శిక్ష. మొదటి అరగంట కేరింతలు, తర్వాత "ఇంకా ఎంతసేపు?". మైసూరు స్టేషన్‌కి దగ్గర్లోనే ఉన్న రైలు మ్యూజియం 1979లో పెట్టింది. ఇంజన్ మెట్లెక్కి, హ్యాండిళ్లు లాగి, 'కూ' అని అరుచుకుంటూ ఎంతసేపైనా ఆడుకుంటారు. లోపల తిరిగే టాయ్ ట్రైన్ ఉంది. పొగ లేదు, ఆవిరి లేదు, వాళ్లకి పట్టదు కూడా.

ఇంకో లాభం ఉంది. మైసూరు నుంచి ఊటీ రోడ్డు మీద బందీపూర్ అడవి గుండా మధ్యాహ్నానికి చేరుకోవచ్చు. కాచిగూడలో ఎక్కి మైసూరు, అక్కడి నుంచి ఊటీ, మర్నాడు రెండింటి బండిలో మేట్టుపాళయానికి దిగి, కోయంబత్తూరులో తిరుగు రైలు. దిగే బండి వద్దన్నాను కాని, పిల్లలుంటే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. దిగడానికి గంటకి పైగా తక్కువ పడుతుంది.

మన జూపార్కులో టాయ్ ట్రైన్ ఉంది కదా అంటారు. ఉంది. ఆదివారం సాయంత్రానికి అది చాలు. పొగబండి లెక్కలో మాత్రం రాదు.

పాతాళ్‌పానీ: ఆవిరి లేదు, అయినా

దీన్ని ఈ జాబితాలో పెట్టడానికి ఒకటే కారణం, కాచిగూడ. నిజాం రైల్వే 1916లో కట్టించిన ఆ స్టేషన్ నుంచి ఒకప్పుడు మీనాక్షి ఎక్స్‌ప్రెస్ మీటర్‌గేజ్ మీద జైపూర్ దాకా పోయేది. నిజామాబాద్, ముద్ఖేడ్, పూర్ణా, అకోలా, ఖాండ్వా దాటాక ఇండోర్‌కి ముందు ఘాట్ వచ్చేది. ఆ ఘాట్‌లోని సుమారు పది కిలోమీటర్ల ముక్క మీదే 2018 డిసెంబర్ నుంచి పాతాళ్‌పానీ–కాలాకుండ్ హెరిటేజ్ రైలు నడుపుతున్నారు. లాగేది డీజిల్. వానాకాలంలో జలపాతం నిండుగా ఉన్నప్పుడు వెళ్లాలి. బండి నడుస్తోందో లేదో కనుక్కుని మరీ బయల్దేరాలి.

మీనాక్షి ఎక్కినవాళ్లకి ఈ సొరంగాలు గుర్తుంటాయి. ఎక్కనివాళ్లకి ఇది ఇంకో పిక్నిక్ రైలు. మా మేనత్త అజ్మీర్ దర్గాకి ఆ బండిలోనే వెళ్లిందట. ఆమెకి మాత్రం నీలగిరి కన్నా ఇదే చెప్పాను.

ఇంకో రెండు మాటలు

ఊటీకి ఎలాగూ వెళ్తున్నాం, పొగబండి కూడా కలుస్తుందిలే అనుకునేవాళ్లు ఎక్కువ మంది మోసపోతారు, నాలాగే. బండి టికెట్ ముందు, హోటల్ తర్వాత. ఆ వరసలో పోతేనే పని అవుతుంది.

కొత్తగా పెళ్లయినవాళ్లు, ఫోటోల కోసం వెళ్లేవాళ్లు డార్జిలింగ్ వెళ్లండి. మధ్యవయసు అన్నదమ్ములు, స్నేహితులు కలిసి వెళ్తుంటే నీలగిరి ఎక్కి, మర్నాడు కూనూరులో నేల మీద నిలబడి అదే బండిని మళ్లీ చూడండి. రెండూ చేసినవాళ్లే ఇంటికొచ్చాక ఎక్కువ మాట్లాడటం గమనించాను.

మా నాన్నకి బొగ్గు వాసన బాకీ ఉండిపోయింది. డార్జిలింగ్‌లో ఆ రోజు వేసుకున్న తెల్ల చొక్కాని ఉతక్కుండా కవర్లో చుట్టి తెచ్చి ఇచ్చాను. కాలర్ దగ్గర ముక్కు పెట్టి చూసి, "తడి బొగ్గు బిడ్డా, మంచిది కాదు" అన్నాడు. చొక్కా మాత్రం తిరిగి ఇవ్వలేదు.